తెలుగు తేదీ కోసం ఒక అప్‌గ్రేడ్

2019 అక్టోబర్ 22న, సర్వర్ మీద జావాస్క్రిప్ట్‌ను నడిపే నోడ్.జేఎస్ 13వ వెర్షన్ విడుదలైంది. ఆ విడుదలలోని చాలా మార్పుల మధ్య ఒకటి ఇంగ్లీషులో మాత్రమే పనిచేసే ప్రోగ్రామర్లకు పెద్దగా పట్టలేదు. ఇకమీదట నోడ్ లోపల ప్రపంచ భాషల సమాచారం ముందే నింపి వస్తుంది, విడిగా ఏదీ తెచ్చిపెట్టుకోనక్కరలేదు. అప్పటిదాకా ఇంగ్లీషు ఒక్కటే ఉండేది. అంటే నోడ్ సర్వర్ మీద నడిచిన తొలి పదేళ్లూ ఆ సర్వర్‌కు దానంతటదిగా తెలుగు నెల పేరు తెలియదు, లక్ష రాసేటప్పుడు కామా ఎక్కడ పెట్టాలో తెలియదు.

సరిగ్గా 11 వారాల తర్వాత, 2020 జనవరి 7న, వరంగల్ పక్కన మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలను అప్పటి తెలంగాణ ఐటీ మంత్రి కె.టి. రామారావు ప్రారంభించారు. ఈ రెండు సంఘటనలకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా ఓరుగల్లులో కోడ్ రాసే కుర్రవాడికి రెండూ కావలసినవే. ఒకటి ఊళ్లోనే ఉద్యోగం దొరికే దారి. రెండోది ఆ ఉద్యోగంలో రోజూ నడిపే రన్‌టైమ్‌కు అమ్మభాష వచ్చిన రోజు. మొదటి దానికి రిబ్బన్ కత్తిరించారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. రెండోది రావాలంటే ఎవరికి వాళ్లు తమ మెషీన్‌లో కమాండ్ కొట్టుకోవాల్సి వచ్చింది.

రన్‌టైమ్ అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌ను చదివి నడిపే ప్రోగ్రాం. దాన్ని అప్‌గ్రేడ్ చేయమని చెప్పేవాళ్లు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: వేగం, భద్రత. తెలుగువాళ్లకు మూడో కారణం కూడా ఉంది. తెలుగు తేదీలు, అంకెలు, అక్షరాల విభజన గురించిన జ్ఞానమంతా ఆ రన్‌టైమ్ లోపలే ఉంటుంది. వెర్షన్ పాతదైతే అందులోని తెలుగూ పాతదే.

ఈ కథ నోడ్ కంటే చాలా ముందు మొదలైంది. 1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ 10 రోజుల్లో జావాస్క్రిప్ట్ తొలి రూపం తయారుచేశాడు. అదే ఏడాది ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట మహానగరాలకే. అప్పటికి వరంగల్‌కు ఇంజనీరింగ్ ఊరుగా పేరు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ దేశంలో ఆ వరసలో మొదటిది. 2002లో అది నిట్ అయింది కానీ ఊళ్లో పాతవాళ్లకు ఇప్పటికీ ఆర్‌ఈసీయే. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం, 1980లో కిట్స్ వచ్చాయి. చదువుకునే పిల్లలకు కొదవ లేదు. కంప్యూటర్‌లో తెలుగు మాత్రం ఇంకా కష్టాల్లోనే ఉంది.

ఆ కష్టం ఏమిటో 2000ల తొలి ఏళ్లలో తెలుగు పత్రికలను నెట్‌లో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు, ఒక్కో ఎన్‌కోడింగు. ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. ఒక పత్రిక నుంచి కాపీ చేసిన వాక్యం మరోచోట పేస్టు చేస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులయ్యేది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గదులు కేటాయించారు. అయినా ఆ గదుల్లోకి జనం చేరడానికి పదిహేనేళ్లు పట్టింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000 ఫాంటు ఆ వలసకు బాగా తోడ్పడింది. బమ్మెర పోతన పేరు పెట్టుకున్న ఆ ఫాంటుతో పాత వరంగల్ జిల్లా కవి ప్రపంచంలో ఎక్కడెక్కడి తెలుగువాళ్ల కంప్యూటర్లలోకో చేరాడు.

ఇక్కడే జావాస్క్రిప్ట్ తెలుగు చరిత్రలోకి వస్తుంది. నాగార్జున వెన్న 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ రాశారు. పత్రికల సొంత ఫాంట్లలో ఉన్న తెలుగును అది అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. లోపల పనంతా జావాస్క్రిప్ట్‌దే. ఆ కోడ్ ఆధారంగానే వీవెన్ 2006లో 'లేఖిని' తెచ్చారు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పక్కన తెలుగు పడే ఆ పేజీ ఒక తరం తెలుగువాళ్లకు రాత నేర్పింది. అప్పటి తెలుగు బ్లాగర్లలో లేఖిని తెరవనివాళ్లు అరుదు. ఆ రోజుల్లో రన్‌టైమ్ అంటే బ్రౌజరే. దాన్ని అప్‌గ్రేడ్ చేస్తే కొన్నిసార్లు తెలుగు బాగుపడేది, కొన్నిసార్లు ఎక్స్‌టెన్షన్ ఆగిపోయేది. 2017 నవంబర్‌లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటికీ ఒకేసారి తలుపు మూసింది. పద్మ పుట్టింది ఆ పాత పద్ధతిలోనే. పత్రికలు చాలావరకు యూనికోడ్‌కు మారిపోయాయి కాబట్టి నష్టం పెద్దగా తెలియలేదు. లేకపోతే ఎంత గోల అయ్యేదో ఊహించవచ్చు.

బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ను నడపాలన్న ప్రయత్నాలు పాతవే. వాటికి ఊపు తెచ్చింది మాత్రం గూగుల్ వీ8 ఇంజిన్. డెన్మార్క్‌కు చెందిన లార్స్ బాక్ నాయకత్వంలో తయారైన ఆ ఇంజిన్ 2008 సెప్టెంబర్ 2న క్రోమ్ బ్రౌజర్‌తో పాటు వచ్చింది. దాన్ని తీసి సర్వర్ మీద పెట్టిన ర్యాన్ డాల్ 2009 నవంబర్‌లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ సభలో నోడ్‌ను చూపించాడు. సభ లేచి చప్పట్లు కొట్టింది.

చప్పట్ల తర్వాత దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవడం చూస్తే వేరే కథ. తొలి రోజుల్లో చాలామందికి దొరికింది సోర్స్ కోడ్ మాత్రమే. టార్ ఫైలు దించుకోవాలి, విప్పాలి, కాన్ఫిగర్ కొట్టాలి, మేక్ కొట్టాలి, మేక్ ఇన్‌స్టాల్ కొట్టాలి. వీ8 పెద్ద ప్రోగ్రాం కావడంతో పాత మెషీన్ మీద కంపైల్ అవుతూ ఉంటే ఫ్యాన్ మోత పక్క గదికి వినిపించేది. కొత్త వెర్షన్ వస్తే మళ్లీ మొదటినుంచీ. పైగా అప్పట్లో విండోస్‌కు నోడ్ లేదు. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఉండేది విండోసే. 2011 నవంబర్‌లో వచ్చిన 0.6 వెర్షన్‌తో, మైక్రోసాఫ్ట్ సాయం కూడా తోడై, నోడ్ విండోస్ మీద సొంతంగా నడవడం మొదలైంది. మన దగ్గర విద్యార్థుల చేతికి నోడ్ నిజంగా అందింది ఆ తర్వాతే.

లైనక్స్ వైపు మరో ప్రవాహం ఉంది. 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే గ్నూ/లైనక్స్ తెచ్చే పని చేపట్టి, ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్లగ్ పేరుతో విద్యార్థి బృందాలను పెంచింది. టెర్మినల్ అంటే భయపడకూడదని, అది ఉన్నదే వాడుకోవడానికని వేలమంది తెలుగు విద్యార్థులు నేర్చుకున్నది ఇలాంటి బృందాల్లోనే. ఆ పని విలువను ఇప్పటిదాకా ఎవరూ సరిగా లెక్కగట్టలేదు.

కంపైల్ బాధను తప్పించినవి రెండు చిన్న పనిముట్లు. 2010లో టిమ్ కాస్వెల్ రాసిన ఎన్‌వీఎం ఒకటి, ఆ తర్వాత టీజే హోలోవేచుక్ రాసిన ఎన్ మరొకటి. ఎన్‌వీఎం పెద్ద ప్రోగ్రాం కూడా కాదు, షెల్ స్క్రిప్టు. ఒకే మెషీన్‌లో నాలుగు వెర్షన్లను పక్కపక్కన పెట్టి, కావలసినప్పుడు కావలసినదానికి మారే వీలు అది కల్పించింది. కొన్నేళ్ల తర్వాత జోర్డన్ హార్‌బాండ్ దాని బాధ్యత తీసుకుని నిలబెట్టాడు. విండోస్‌కు కోరీ బట్లర్ వేరే ఎన్‌వీఎం తయారుచేశాడు. పేరు ఒకటే అయినా రెండూ వేర్వేరు ప్రాజెక్టులు. ఇది తెలియక లైనక్స్ కమాండును విండోస్‌లో కొట్టి తికమకపడినవాళ్లు ఎందరో.

దగ్గరగా చూస్తే పని ఇంతే. టెర్మినల్ తెరిచి నోడ్ అని కొట్టి, ఖాళీ వదిలి, గీత పెట్టి, వీ అక్షరం కొడితే ఇప్పుడున్న వెర్షన్ నంబరు వస్తుంది. తర్వాత ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ అని, పక్కన 24 అని కొట్టాలి. డౌన్‌లోడ్ గీత నిండుతుంది, చెక్‌సమ్ సరిపోయిందన్న మాట వస్తుంది, ఇకమీదట ఈ వెర్షనే వాడుతున్నామని చివరి లైను చెబుతుంది. ప్రాజెక్టు ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎన్‌వీఎంఆర్‌సీ అనే ఫైలులో ఆ నంబరు రాసిపెడితే బృందంలో అందరూ ఒకే వెర్షన్‌కు మారవచ్చు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ మరిచిపోయేది ఒకటుంది. పాత వెర్షన్ కింద గ్లోబల్‌గా పెట్టుకున్న ప్యాకేజీలు కొత్తదాని కిందికి వాటంతటవి రావు. ఇన్‌స్టాల్ కమాండులోనే ఫలానా వెర్షన్ నుంచి ప్యాకేజీలు తెచ్చుకోమని అడగాలి. సీ++ కోడ్‌తో కట్టిన ప్యాకేజీలు ఉంటే నోడ్ ప్యాకేజీల పనిముట్టు ఎన్‌పీఎంతో రీబిల్డ్ కూడా కొట్టాలి.

కమాండు తేలికైనా అప్‌గ్రేడ్ చేయడానికి అసలు కొత్త వెర్షన్ రావాలి కదా. 0.10 వచ్చింది 2013 మార్చిలో, 0.12 వచ్చింది 2015 ఫిబ్రవరిలో. దాదాపు రెండేళ్ల విరామం. ప్రాజెక్టును నడుపుతున్న జోయెంట్ కంపెనీ తీరు నచ్చని డెవలపర్లు 2014 డిసెంబర్‌లో ఐఓ.జేఎస్ పేరుతో విడిపోయారు. తెలుగు రాష్ట్రం రెండైన ఏడాదే నోడ్ కూడా రెండైంది. నోడ్ మాత్రం మళ్లీ ఒకటైంది. 2015లో ఫౌండేషన్ ఏర్పడి, సెప్టెంబర్‌లో వచ్చిన 4.0 వెర్షన్‌లో రెండు పాయలూ కలిశాయి. అప్పటినుంచి ఒక క్యాలెండర్ ఉంది: ఏప్రిల్ ప్రాంతంలో సరి సంఖ్య వెర్షన్, అక్టోబర్‌లో దానికి దీర్ఘకాల మద్దతు హోదా. ఆ హోదా వచ్చిన ప్రతి వెర్షన్‌కూ మూలకాల పట్టిక నుంచి పేరు. ఆర్గాన్, బోరాన్, కార్బన్ అంటూ మొదలై 24వ వెర్షన్‌తో క్రిప్టాన్ దాకా వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. 0.12 వెర్షన్‌తో నోడ్‌కు ఇంటల్ అనే సదుపాయం వచ్చింది. తేదీని, సంఖ్యను ఫలానా భాషలో రాయమని అడిగే వీలు అది. అప్పట్లో ఐబీఎంలో ఉన్న స్టీవెన్ లూమిస్ ఈ పనిలో ముఖ్యుడు. దాని వెనుక ఐసీయూ అనే లైబ్రరీ ఉంటుంది, దానికి కావలసిన భాషా సమాచారం యూనికోడ్ సంస్థ నడిపే సీఎల్‌డీఆర్ భండారం నుంచి వస్తుంది. అందులో తెలుగు నిండుగానే ఉంది. అయితే అన్ని భాషలూ నింపితే డౌన్‌లోడ్ సైజు పెరుగుతుందని నోడ్‌లో ఇంగ్లీషు ఒక్కటే ఉంచారు. దాన్ని చిన్న ఐసీయూ అనేవారు.

దాని ఫలితం చూడండి. 2014 జూన్ 2, తెలంగాణ అవతరణ దినం. ఆ తేదీని జావాస్క్రిప్ట్‌లో పెట్టి, తెలుగు పద్ధతిలో చూపించమని నోడ్ 12ను అడిగితే 6/2/2014 అని వచ్చేది. తెలుగు అడిగితే తెలుగు లేదు కాబట్టి చడీచప్పుడు లేకుండా అమెరికా పద్ధతికి వెళ్లిపోయి నెలను ముందు పెట్టేసేది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. చదివే తెలుగువాడు దాన్ని ఫిబ్రవరి 6 అనుకుంటాడు. ఆగస్టు 15 అయితే 8/15 అని వస్తుంది, 15వ నెల ఉండదు కాబట్టి తప్పు దొరుకుతుంది. జనవరి 26 కూడా అంతే. నెలలో మొదటి 12 రోజుల తేదీలే ప్రమాదం. అవి చూడటానికి సవ్యంగానే కనిపిస్తాయి. ఒక దరఖాస్తు గడువునో, ఒక పరీక్ష తేదీనో ఇలా చూపిస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఇంకో చిక్కు. క్రోమ్ బ్రౌజర్‌లో ఐసీయూ నిండుగా ఉండేది. అదే కోడ్, అదే తేదీ, బ్రౌజర్‌లో 2/6/2014 అని, సర్వర్ మీద 6/2/2014 అని వచ్చేది. రియాక్ట్ అనే లైబ్రరీతో రాసిన పేజీలను సర్వర్ మీదే తయారుచేసి పంపే పద్ధతి ప్రబలిన తర్వాత ఇది పెద్ద తలనొప్పి అయింది. పేజీ మొదట ఒక తేదీతో వచ్చి, క్షణం తర్వాత మరో తేదీకి మారేది. కోడ్ మొత్తం వెతికినా తప్పు కనపడదు. తప్పు కోడ్‌లో ఉంటే కదా.

సంఖ్యలదీ అదే దారి. వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డు మిర్చికి, పత్తికి పేరుపడ్డ చోటు. అక్కడి ఒక వ్యాపారి లెక్కలకు ఎవరైనా నోడ్‌తో బిల్లు ప్రోగ్రాం రాశారనుకుందాం. మొత్తం 12,34,567 రూపాయలు. తెలుగు పద్ధతిలో చూపించమంటే చిన్న ఐసీయూ ఉన్న నోడ్ 1,234,567 అని ముద్రిస్తుంది. పన్నెండు లక్షలని చదవడానికి అలవాటుపడిన కన్ను అక్కడ ఒక్క క్షణం తడబడుతుంది. మార్కెట్‌లో ఆ తడబాటును ఎవరూ ఒప్పుకోరు. నిండు ఐసీయూ ఉన్న వెర్షన్ 12,34,567 అనే ఇస్తుంది. అడిగే భాష కోడ్ (లొకేల్) చివర తెలుగు అంకెలు కావాలని చిన్న తోక తగిలిస్తే ౧౨,౩౪,౫౬౭ అని కూడా ఇస్తుంది.

దీనికి విరుగుడు లేకపోలేదు. లూమిస్ ఫుల్-ఐసీయూ అనే ప్యాకేజీని విడిగా పెట్టాడు. దాన్ని దించుకుని, నోడ్‌ను నడిపే ప్రతిసారీ ఆ డేటా ఎక్కడుందో చెప్పాలి. ఇంత సంగతి ఉందని తెలిసినవాళ్లు తక్కువ. ఎక్కువమంది మొమెంట్ అనే లైబ్రరీ తెచ్చి అందులో ఉన్న తెలుగు నెలల పేర్లు వాడుకున్నారు, లేదా తామే జనవరి నుంచి డిసెంబర్ దాకా ఒక పట్టిక రాసుకున్నారు. ఒకే పనిని ఎందరో విడివిడిగా, మళ్లీ మళ్లీ చేశారు. నోడ్ 13తో ఆ అవసరం పోయింది. ఏడాది తిరిగేసరికి 14వ వెర్షన్ దీర్ఘకాల మద్దతు పొందడంతో ఉద్యోగాల్లో వాడే సర్వర్లకూ అది చేరింది.

చేరాలంటే ముందు పాతది వదలాలి. అక్కడే అసలు గొడవలు వచ్చాయి. నోడ్ 12 పెట్టుకోగానే బిల్డ్ పనిముట్టు గల్ప్ 3 వాడే ప్రాజెక్టులన్నీ ప్రైమోర్డియల్స్ ఈజ్ నాట్ డిఫైన్డ్ అని చతికిలపడ్డాయి. నోడ్ 14 విండోస్ 7 మీద ఇన్‌స్టాల్ కాదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగింది 2020 జనవరి 14న, మడికొండ కార్యాలయాలు తెరిచిన వారానికి. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, ఏప్రిల్‌లో నోడ్ 14 వచ్చింది. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ తప్ప గతిలేని విద్యార్థికి కొత్త రన్‌టైమ్ ఆ రకంగా అందని పండయింది. 32 బిట్ లైనక్స్‌కైతే నోడ్ 10 నుంచే అధికారిక బైనరీలు లేవు.

2021 అక్టోబర్‌లో వచ్చిన నోడ్ 17 దెబ్బ అన్నిటికంటే పెద్దది. అందులో ఎన్‌క్రిప్షన్ పనులు చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ 3వ వెర్షన్ చేరింది. అది ఎండీ4 అనే పాత హాష్ పద్ధతిని పక్కనపెట్టింది. కోడ్ ఫైళ్లను ఒకచోట కట్టగట్టే వెబ్‌ప్యాక్ 4 లోపల వాడేది అదే. ఫలితంగా ఎన్‌పీఎం స్టార్ట్ కొట్టగానే 0308010 అంకెలున్న ఎర్రర్ తెర నిండా పరుచుకునేది. నోడ్ 16 నుంచి 18కి మారిన లక్షలాది రియాక్ట్ ప్రాజెక్టులకు ఈ అనుభవం ఉంది. పాత పద్ధతినే అనుమతించమని చెప్పే ఒక ఫ్లాగ్ పెడితే ఎర్రర్ పోతుంది. దాన్ని పెట్టి ఊరుకున్నవాళ్లే ఎక్కువ. ఇది తాత్కాలికంగా మాత్రమే సబబు. భద్రత కోసం వేసిన గడియను రోజూ తీసి పని చేసుకోవడమవుతుంది. చేయవలసింది వెబ్‌ప్యాక్‌ను 5కు మార్చడం. అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కారణంగా నోడ్ 16 ఆయుష్షు కూడా తగ్గింది. 2024 ఏప్రిల్ దాకా ఉండాల్సిన మద్దతును 2023 సెప్టెంబర్ 11కే ముగించారు, పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు ఆ రోజుతోనే మద్దతు తీరిపోతుంది కాబట్టి.

లైనక్స్ వాడేవాళ్లకూ నోడ్ 18 అడ్డం తిరిగింది. దానికి లైనక్స్ మూల లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ 2.28 కావాలి. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, సెంట్‌ఓఎస్ 7లో 2.17. ఎన్‌వీఎం కమాండు సరిగానే కొట్టినా గ్లిబ్‌సీ దొరకలేదన్న లైను వచ్చి ఆగిపోతుంది. రన్‌టైమ్ మార్చాలంటే ఆపరేటింగ్ సిస్టమే మార్చాలి. ల్యాబులో 60 మెషీన్లు ఉంటే 60కీ మార్చాలి. సిలబస్‌లో నోడ్ పేరు ఉండి, ల్యాబులో ఏళ్లనాటి వెర్షన్ నడుస్తుంటే, పిల్లలు నేర్చుకున్నది ఉద్యోగంలో మొదటి రోజే చెల్లకుండా పోతుంది. ఈ మాట కఠినంగా ఉన్నా అనక తప్పదు.

తెలుగు కోసం అప్‌గ్రేడ్ చేయాల్సిన పని నోడ్ 13తో ముగిసిపోలేదు. స్త్రీ అనే మాట పొడవెంతని జావాస్క్రిప్ట్‌ను అడిగితే 6 అంటుంది. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘం: ఆరు కోడ్లు. మనకు అది ఒక్క అక్షరం. అక్షరాలను మనిషి చూసినట్టు విడదీయడానికి సెగ్మెంటర్ అనే సదుపాయం నోడ్ 16తో వచ్చింది. కానీ యూనికోడ్ ప్రమాణంలోని పాత నియమం ప్రకారం పొల్లు దగ్గర ముక్క అయిపోవాలి. ఆ లెక్కన స్త్రీ మూడు ముక్కలు. యాప్‌లో పేరు మొదటి అక్షరాన్ని గుండ్రంగా చూపించే చోట శ్రీనివాస్‌కు శ్రీ రాదు, పొల్లు తగిలిన శ్ వస్తుంది. 2023 సెప్టెంబర్‌లో విడుదలైన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించింది. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగు సంయుక్తాక్షరాలనూ విడగొట్టకూడదని చేర్చింది. కొత్త ఐసీయూతో అది రన్‌టైమ్‌లలోకి వచ్చింది. నోడ్ 16 దగ్గరే ఆగిపోయినవాళ్లకు అందేది ఆనాటి అక్షర విభజనే.

తెలుగు అక్షరం, అప్‌గ్రేడ్ కలిసి ప్రపంచమంతా పతాక శీర్షికలకెక్కింది 2018 ఫిబ్రవరిలో. జ్ఞా అనే అక్షరం ఒక ప్రత్యేక రూపంలో వస్తే ఐఫోన్లు కుప్పకూలేవి. ఒక మెసేజ్ చాలు, యాప్ మళ్లీ తెరుచుకోదు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో చాలా దేశాల పత్రికలు తెలుగు అక్షరం ఫోన్‌ను చంపుతోందని రాశాయి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని సరిగా అమర్చలేని ప్రోగ్రాందని స్పష్టంగా రాసినవాళ్లు తక్కువ.

రన్‌టైమ్ లోపల పాత పేర్లు ఎంత మొండిగా నిలుస్తాయో కూడా చెప్పుకోవాలి. హనుమకొండలో కూర్చుని నోడ్‌ను మన టైమ్ జోన్ ఏదని అడిగితే చాలా వెర్షన్లు ఏసియా/కలకత్తా అనే చెబుతాయి. ఆ నగరం పేరు 2001లోనే కోల్‌కతా అయింది. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ జిల్లాలు 2021 ఆగస్టులో హనుమకొండ, వరంగల్‌గా మారాయి. వాటిని మార్చుకోవడం మన డేటాబేసుల్లో మన పని. టైమ్ జోన్ పేరు మాత్రం ప్రమాణాలు రాసేవాళ్ల చేతిలో ఉంది.

నోడ్ చేతిలో లేని ఒక సౌకర్యం తర్వాత వచ్చిన రన్‌టైమ్‌లకు ఉంది. 2018లో అదే బెర్లిన్ వేదిక మీద ర్యాన్ డాల్ నోడ్‌లో తాను చింతిస్తున్న పది విషయాలు చెప్పి డెనోను పరిచయం చేశాడు. 2020 మేలో వచ్చిన డెనో 1.0ను కొత్త వెర్షన్‌కు మార్చాలంటే డెనో అప్‌గ్రేడ్ అని కొడితే చాలు, తనను తానే మార్చుకుంటుంది. జారెడ్ సమ్నర్ తయారుచేసిన బన్, 2023 సెప్టెంబర్‌లో 1.0 అయింది, దానిదీ అదే తీరు: బన్ అప్‌గ్రేడ్. నోడ్‌కు ఇప్పటికీ ఎన్‌వీఎం వంటి బయటి సాయం కావాలి. ఇక నోడ్ ప్యాకేజీలు దాచే ఎన్‌పీఎంను 2020లో గిట్‌హబ్ కొన్నది. దానికి రెండేళ్ల ముందు గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు మైక్రోసాఫ్ట్ కొన్నది. అంటే జావాస్క్రిప్ట్ ప్రపంచపు గోదాము ఇప్పుడు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల నడిపే కంపెనీ కింద ఉంది.

పెద్ద కంపెనీల దయ కోసం ఎదురుచూడనక్కరలేని పని ఒకటి మన చేతిలోనే ఉంది. రన్‌టైమ్‌లోకి వచ్చే తెలుగంతా సీఎల్‌డీఆర్ నుంచే వస్తుంది. అది ఏడాదికి రెండుసార్లు కొత్త వెర్షన్ విడుదల చేస్తుంది. అందులో నెలల పేర్లు, వారాల పేర్లు, కరెన్సీల పేర్లు, దేశాల పేర్లు సూచించి, ఓటు వేసి ఖరారు చేసేది ఆ భాష వచ్చిన మనుషులే. ఖాతా తెరుచుకుంటే ఎవరైనా పాలుపంచుకోవచ్చు. వరంగల్‌లో తెలుగు బాగా వచ్చిన అధ్యాపకులు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఉన్నారు, టెర్మినల్ బాగా వచ్చిన విద్యార్థులు నిట్‌లో, కిట్స్‌లో ఉన్నారు. వీళ్లు ఒక గదిలో కూర్చుంటే సీఎల్‌డీఆర్‌లోని తెలుగు తప్పులేకుండా ఉంటుంది. కాలేజీలు తమవంతుగా ల్యాబుల్లో దీర్ఘకాల మద్దతున్న వెర్షన్ ఉంచాలి. 24వ వెర్షన్‌కు 2028 ఏప్రిల్ దాకా మద్దతు ఉంది, కాబట్టి ఈ పని ఒకసారి చేస్తే అప్పటిదాకా నిశ్చింత. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు ఆ కమాండ్ కొట్టండి.